తాడు మూడో చుట్టు

ఈ వారమే ఈ కథని చేతికి అందుకున్నవారికి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. మొదటినుంచీ నా వెంట వస్తున్నవారు ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

నా పేరు అసాబియా. అక్రా నగరంలో గుడ్డల మీద అచ్చువేసే బొమ్మలు గీయడం నా పని. పదిహేనేళ్ళు ఒక మిల్లులో జీతానికి గీశాను. మిల్లువాళ్ళు గీసేవాళ్ళందరినీ ఇంటికి పంపేశాక సొంతంగా గీసి, మళ్ళీ వాళ్ళకే అచ్చుకి ఇస్తున్నాను. మా అమ్మ పోయినప్పుడు, మకోలా బజారులో ఆమె నలభై ఏళ్ళు కూర్చున్న పీటని గీశాను. పీట మీద ఎవరూ లేరు. దాని కాలు ఒకటి చిట్లితే అమ్మ తాడుతో కట్టుకుంది, ఆ తాడు కూడా గీశాను. అమ్మ పక్క దుకాణంలో జీవితమంతా గడిపిన నార్కీ పెద్దమ్మ ఆ బొమ్మకి "ఇప్పుడే లేచింది" అని పేరు పెట్టింది. పేరులేని గుడ్డని మా బజారులో ఎవరూ ముట్టుకోరు. ఆ పేరు విని ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. రెండు వారాలు తిరక్కముందే అదే బొమ్మ సగం ధరకి సరిహద్దు దాటి మూటలు మూటలుగా దిగింది. కాపీరైటు ఆఫీసులో అప్పటికే నా పేరున నమోదై ఉంది కాబట్టి ఫిర్యాదు చేశాను. పోలీసులు లమిలే అనే పిల్ల గోడౌనులో ముప్పై మూటలు పట్టుకున్నారు. ఆ గోడౌనుని అద్దెకు తీసుకున్న టోకు వ్యాపారి ఆ రోజు నుంచి పత్తా లేడు. కేసు మొత్తం లమిలే నెత్తిన పడింది. దొంగ అచ్చు వేయించింది, అమ్మకానికి దాచింది అని అభియోగం. రుజువైతే మూడేళ్ళ దాకా జైలు. పోయిన భాగం చివర నేను విచారణ కోసం ఎదురుచూస్తూ, న్యాయం నా వైపే ఉందన్న ధీమాతో ఉన్నాను. ఆ ధీమా ఎలా పోయిందో ఈ వారం చెప్తాను.

శుక్రవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ జొకోటో నన్ను స్టేషన్‌కి పిలిపించాడు. సర్కారు తరఫున కేసు నడిపేది అతనే. సోమవారం నేను సాక్ష్యం చెప్పాలి, అంతకుముందే ఏ గుడ్డకి ఏ నంబరు చీటీ కట్టారో నేను చూసుకోవాలని అతని పట్టుదల. మంచి మనిషే. కాకపోతే ప్రతి మాటనీ రెండుసార్లు చెప్తాడు, రెండోసారి నెమ్మదిగా. ఆ రోజు అతనికి ఒక కొత్త ఆలోచన వచ్చింది. మిల్లు గుడ్డనీ దొంగ గుడ్డనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలదట. నేను మొట్టమొదట చేత్తో గీసిన కాగితం కూడా ఉంటే ఇక అవతలి వకీలు నోరెత్తలేడట. అందుకని ఆ కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాను.

మూటలు వెనక గదిలో పేర్చి ఉన్నాయి. చవక రంగు వాసన ముక్కు పగలగొడుతోంది. జొకోటో ఒక తాను విప్పించి బల్ల మీద పరిచాడు. దాని పక్కన మిల్లు గుడ్డ పరిచాను. రెండింటి మధ్యలో నా కాగితం పెట్టాను. దాన్ని విప్పి ఏడాదిన్నర అయింది. అమ్మ పోయిన ఆరు నెలలకి గీసింది. మూలల్లో నా కాఫీ మరకలు అలాగే ఉన్నాయి, చూడగానే ప్రేమ పుట్టింది. ఆ ప్రేమతోనే పీట కాలి దగ్గరికి వెళ్ళి తాడు చుట్లు లెక్కపెట్టాను.

కాగితం మీద మూడు చుట్లు. అమ్మ కట్టింది మూడు చుట్లే. కానీ మిల్లు గుడ్డ మీద ఉన్నవి రెండు. దానికి కారణం నాకు బాగా గుర్తుంది. కాగితం మిల్లుకి పట్టుకెళ్ళే ముందు అక్కడి మేస్త్రీకి ఫోన్ చేశాను. అంత సన్నటి గీతలు మూడు దగ్గరదగ్గరగా ఉంటే అచ్చుకి వాడే మైనం ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి పాకి అంతా మచ్చ అయిపోతుంది, రెండు చాలు అన్నాడు. ఫోన్‌లోనే గంటసేపు పోట్లాడి, ఓడిపోయి, ఇంకో కాగితం మీద రెండు చుట్లతో మళ్ళీ గీశాను. మిల్లుకి వెళ్ళింది ఆ రెండో కాగితం. కాపీరైటు ఆఫీసులో ఇచ్చింది మిల్లు గుడ్డ ముక్క. మొదటి కాగితం ఏ ఆఫీసు గడపా తొక్కలేదు.

దొంగ గుడ్డ మీద మూడు చుట్లు ఉన్నాయి.

నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఇంకో తాను విప్పమని చెప్పి అందులోనూ లెక్కపెట్టాను. బజారులో గుడ్డ కొని, దాన్ని చూసి కాపీ కొట్టినవాడికి రెండు చుట్లే తెలుస్తాయి. వీడికి మూడు తెలుసు. అంటే వీడు కాపీ కొట్టింది గుడ్డని చూసి కాదు, ఈ కాగితాన్ని చూసి. ఈ కాగితాన్ని నేను కాక చూసిన మనిషి లోకంలో ఒక్కరే.

మీకు మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. నార్కీ పెద్దమ్మ, ఆమె తల్లి, ఆ తల్లికి మేనత్త, ఈ వరసవాళ్ళు గుడ్డని చూసి పేరు పెట్టరు. బొమ్మ కాగితం మీద ఉండగానే వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇచ్చేయాలి. కాగితం మూడు రాత్రులు పేరు పెట్టే మనిషి తలగడ కింద పడుకుంటుంది. నాలుగో రోజు పొద్దున ఆమె లేచి, పళ్ళు తోముకోకముందే పేరు చెప్తుంది. ఆ మూడు రాత్రులూ కాగితం ఎలా ఉందని గీసినవాళ్ళు అడగకూడదు. నేనూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

జొకోటో నా మొహం చూసి ఏమైందని అడిగాడు. రంగు వాసనకి తల తిరుగుతోందన్నాను. అబద్ధం చెప్పడం నాకు రాదు, కానీ అతను నమ్మాడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. నీళ్ళు తాగుతూ, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు అడిగాను. అచ్చు వేయించిన మనిషి వేరే ఉంటే లమిలే సంగతేమిటి అని.

అతను ఇలాంటి ప్రశ్నలకే పుట్టినవాడు. వేళ్ళు మడుస్తూ చెప్పాడు. బొమ్మని దొంగతనంగా అచ్చు వేయించడం ఒక నేరం. అలాంటి సరుకని తెలిసి అమ్మకానికి ఉంచుకోవడం ఇంకొకటి. లమిలే మీద రెండూ ఉన్నాయి. వేయించింది వేరేవాళ్ళని తేలితే మొదటిది ఎగిరిపోతుంది. రెండోది కూడా, పాపం తెలియక గోడౌను అద్దెకిచ్చిందని వకీలు ఏడిస్తే నిలవకపోవచ్చు. వేయించినవాళ్ళకి మాత్రం తప్పించుకునే దారి లేదు. బొమ్మని చేతికిచ్చినవాళ్ళూ ఆ లెక్కలోకే వస్తారు.

"ఇచ్చినవాళ్ళు ముసలివాళ్ళయితే?" అన్నాను.

"చట్టానికి వయసు తెలీదు మేడమ్," అన్నాడు. కాస్త ఆగి నెమ్మదిగా మళ్ళీ అన్నాడు. "వయసు తెలీదు."

ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చా అని కూడా అడిగాను. ఫిర్యాదు నాదేనట, కేసు మాత్రం సర్కారుదట. నేను అంటించిన పొయ్యిని ఇప్పుడు నేను ఆర్పలేను. కాగితాన్ని సోమవారం మర్చిపోకుండా తెమ్మని రెండుసార్లు చెప్పి పంపించాడు. అతను తాడు చుట్లు లెక్కపెట్టలేదు. ఎవరూ లెక్కపెట్టరు. ఆ కాగితం ఇంట్లో ఎలకలు కొట్టేశాయని నేను ఒక్క మాట అంటే, ఈ సంగతి నాతోనే పోతుంది.

మెట్లు దిగుతుంటే లమిలే ఎదురుపడింది. బెయిలు మీద ఉంది కాబట్టి శుక్రవారం శుక్రవారం వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇరవై ఆరేళ్ళ పిల్ల. బజారులో మూడో వరసలో చిన్న కొట్టు, పెద్ద నోరు. పాలు మానని పాప వీపున కట్టి ఉంది. ఇన్ని వారాలుగా నన్ను చూస్తే మొహం తిప్పుకుని పోయేది. ఆ రోజు ఆగింది.

"అక్కా, నిన్నొకటి అడుగుతా, కోప్పడకు," అంది. "నువ్వు గీశావు. నార్కీ పెద్దమ్మ పేరు పెట్టింది. మిల్లు వేసింది. బజారంతా కట్టుకుంది. జైలుకి మాత్రం నేనొక్కదాన్నే వెళ్ళాలా?"

కోప్పడటానికి నా దగ్గర కోపం లేదు. పాప పేరేమిటని అడిగాను. చెప్పింది. నార్కీ పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం తనకి అన్నం పంపిస్తోందని కూడా చెప్పింది. గిన్నె నిండా, పైన గుడ్డు పెట్టి మరీ. ఎందుకు పంపిస్తోందో తనకి తెలియదట. "నా ముఖం చూసి జాలేసిందేమో," అంది. స్టేషన్ నుంచి తిన్నగా మకోలాకి నడిచాను.

మధ్యాహ్నం ఎండకి బజారు మందకొడిగా ఉంది. నార్కీ పెద్దమ్మ తన కొట్టులో కూర్చుని, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద ఆకు విప్పుకుని, వేయించిన చేపతో, కారంతో తింటోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. అమ్మ పోయిన రోజు నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా తల మీద గడ్డం ఆనించి సాయంత్రం దాకా కూర్చుంది. మా అమ్మ పీట ఇప్పటికీ ఆమె కొట్టులోనే ఒక మూల ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు.

తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. అదీ అబద్ధమే, ఆ రోజు నా లెక్కలో రెండోది. తానులు పరిచే చెక్క మీద కాగితం విప్పాను. మిల్లు గుడ్డ ముక్క ఒకవైపు పెట్టాను. జొకోటో నమూనాకని ఇచ్చిన దొంగ గుడ్డ ముక్క ఇంకోవైపు పెట్టాను. మూడింటి మీదా తాడు దగ్గర వేలు పెట్టి చూపించాను.

ఆమె చూసింది. నాలాగా నాలుగుసార్లు లెక్కపెట్టలేదు. చేప ముల్లు తీసి ఆకులో పెట్టింది. చెంబులో నీళ్ళు పోసుకుని, ఒక్కొక్క వేలూ కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"రెండే వేశారు మిల్లువాళ్ళు," అంది. "మీ అమ్మ మూడు కట్టింది. నేనే తాడు పట్టుకున్నాను ఆ రోజు."

"పెద్దమ్మా, కాగితం ఎవరికిచ్చావు?"

ఆమె కాదనలేదు. నేను దారి పొడవునా కోరుకుంటూ వచ్చింది అదొక్కటే, కాదంటుందని. అననందుకు ఆమె మీద కోపం వచ్చింది.

సరిహద్దు అవతల లోమే నుంచి వచ్చే ఏజెంటు ఒకడున్నాడట. మూడో రోజు వాణ్ణి ఇంటికి పిలిచి, కాగితం చూపించిందట. వాడు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. నాలుగో రోజు పొద్దున కాగితంతో పాటు పేరు నాకు చెప్పి పంపింది. అప్పటికే అమ్మ కొట్టున్న వరసలో ఆడవాళ్ళందరికీ ఆమె మాటిచ్చేసింది. అమ్మ పోయి ఏడాది నిండే రోజు చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థనకి నలభై మందీ ఆ గుడ్డే కట్టుకుని వస్తారని. అది నాకు తెలియకూడదట. నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే, నలభై మందీ ఒంటి మీద అమ్మ పీటతో లోపలికి నడిచి రావాలని ఆమె అనుకుంది. మిల్లుని అడిగితే ఎనిమిది నెలల దాకా ఖాళీ లేదన్నారు. ఏజెంటు ఐదు వారాలన్నాడు.

"ఐదు వారాలన్నాడు, ఐదు నెలలైనా రాలేదు," అంది. "ప్రార్థన రోజు అందరం పాత గుడ్డలే కట్టుకుని వచ్చాం. ఆ రోజు నేనేడ్చింది మీ అమ్మ కోసమని నువ్వనుకున్నావు. సగం అందుకే. మిగతా సగం, నా మాట పోయిందని. తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది, పీడా పోయిందనుకున్నాను. ఆ తర్వాత మూటలు దిగాయి."

నలభై గుడ్డలకని ఇచ్చిన బొమ్మతో వాడు వేలకు వేలు వేసుకున్నాడు. గోడౌనుల్లో పెట్టించి, టోకువాడి చేత అమ్మించాడు. అన్నీ అయ్యాక పెద్దమ్మకి ఆరు గజాల ముక్క ఒకటి కానుకగా పంపించాడట. ఆమె దాన్ని పెట్టె అడుగున దాచింది. పారేయడానికి చేతులు రాలేదట, అందులో తాడు సరిగ్గా ఉందని.

నేను నెమ్మదైన మనిషిని. గీసేవాళ్ళు కాస్త నెమ్మదిగానే ఉంటారు. కానీ ఆ క్షణం నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది నా బొమ్మ కదా, నన్నడక్కుండా ఎలా ఇచ్చావని నిలదీశాను.

ఆమె నన్ను వింతగా చూసింది. దొరికిపోయిన మనిషి చూపు కాదు అది. పాఠం రాని పిల్లని టీచరు చూసినట్టుంది.

"మా అమ్మ కాలంలో తెల్లవాళ్ళ కంపెనీ బొమ్మల పుస్తకం పట్టుకుని మా గుమ్మంలోకొచ్చేది," అంది. "మా అమ్మ ఏ బొమ్మకి పేరు పెడితే ఆ బొమ్మ మా అమ్మది. ఇంకెవ్వరూ అమ్మకూడదు. గీసినవాడు ఎవడో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. మేమలా పెరిగాం. నువ్వు గీశావు, కాదనను. నేను పేరు పెట్టాక అది నాది కూడా అనుకున్నాను. తప్పని నాకెవరు చెప్పారు?"

"చట్టం అలా లేదు పెద్దమ్మా. గీసినవాళ్ళదే బొమ్మ."

"సరే. మరి ఆ ఆఫీసులో కాగితం నింపావు కదా, బొమ్మ పేరని గడి ఉందా అందులో?"

ఉందన్నాను.

"ఏం రాశావు?"

ఏం రాశానో ఇద్దరికీ తెలుసు. "ఇప్పుడే లేచింది" అని రాసి, కింద నా సంతకం పెట్టాను. పేరు పెట్టినవాళ్ళకి ఆ కాగితంలో గడి లేదు. గడి లేదేమని నేను గుమాస్తాని అడగలేదు. పేరుకి హక్కులు ఉండవని, మాటలకీ ఆలోచనలకీ ఆ చట్టం వర్తించదని తర్వాత జొకోటో వల్ల తెలిసింది. అప్పుడు తెలియదు. తెలియకుండానే, ఆమె తలగడ కింద మూడు రాత్రులు పడుకుని లేచిన మాటల్ని నా పేరు కింద రాసుకొచ్చాను.

"నా మాటలు నీ పేరు కింద రాసుకున్నావు. నన్నడిగావా?" అంది పెద్దమ్మ. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"అడగలేదు," అన్నాను.

"నిన్ను పోలీసులు పట్టుకోరు. నన్ను పట్టుకుంటారు. అంతేగా తేడా?"

అంతే కాదు, ఇంకో తేడా ఉందని చెప్పాను. నేను రాసుకున్న మాటల వల్ల ఎవరి బిడ్డా తల్లికి దూరం కాలేదు. ఆమె ఇచ్చిన కాగితం వల్ల లమిలే వీపున ఉన్న పాప మూడేళ్ళు తల్లి లేకుండా పెరగొచ్చు. గిన్నెడు అన్నం మీద గుడ్డు పెట్టి పంపితే అది తీరదు. ఈ మాటలన్నీ అమ్మలాంటి మనిషితో అంటున్నందుకు నాకు ఏడుపొచ్చింది, అన్నాను కూడా. నాకు నిన్ను జైలుకి పంపాలని లేదు, ఆ పిల్లని పంపాలనీ లేదు, ఏం చేయాలో చెప్పమన్నాను. చిన్నప్పుడు పడి మోకాలు దోక్కుపోతే ఆమె దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఆ అలవాటు పోలేదు.

ఆమె మా అమ్మ పీట వైపు తిరిగింది.

"ఈ కాగితం లేకపోతే?" అంది.

"లేకపోతే నువ్వు ఇంట్లో ఉంటావు. లమిలే జైల్లో ఉంటుంది."

"ఉంటే?"

"నీకు తెలుసు కదా."

"అమ్మాయ్, ఇప్పుడు నన్నడుగుతున్నావు ఏం చేయాలని," అంది. "నేను దాచమంటే దాస్తావు, జీవితాంతం నన్ను తిట్టుకుంటావు. చెప్పమంటే చెప్తావు, జీవితాంతం నిన్ను నువ్వే తిట్టుకుంటావు. ఆ పేరు నేను పెట్టలేను. కాగితం నీది, నువ్వే చూసుకో."

లేచి, మిగిలిన కెంకేని ఆకులో చుట్టింది. కొట్టు షట్టరు దించడానికి కొక్కెం అందుకుంది. మధ్యాహ్నం రెండు కూడా కాలేదు. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ ఆ షట్టరు చీకటి పడకుండా దిగడం చూడలేదు, మా అమ్మ శవం వెళ్ళిన రోజు తప్ప. ఎక్కడికని అడిగితే పనుందంది. బట్టలు కుట్టేవాళ్ళుండే సందు వైపు తిరిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

శనివారం, ఆదివారం ఎలా గడిచాయో చెప్పి మిమ్మల్ని విసిగించను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కాగితాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను, నిజం. మంట తగిలించలేదు. ఆమె మీద ప్రేమ తక్కువై కాదు. ఆ మూడో చుట్టు అమ్మ చేత్తో వేసింది. ఒకసారి మేస్త్రీ మాట విని దాన్ని చెరిపేశాను. రెండోసారి కాల్చేస్తే అమ్మ తాడు ఒక్క దొంగ గుడ్డ మీదే మిగులుతుంది.

సోమవారం కోర్టు హాలు కిటకిటలాడింది. పైన పంకా తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. లమిలే బోనులో నిలబడి ఉంది, పాపని ఎవరో ఎత్తుకున్నారు. మా వరస ఆడవాళ్ళంతా వెనక బల్లల మీద ఒకరినొకరు నెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో నార్కీ పెద్దమ్మ లేదు. రాదులే అనుకున్నాను. రాకపోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను కూడా.

ప్రమాణం చేయించారు. జొకోటో నా పేరు, వృత్తి అడిగాడు. రెండు గుడ్డలూ చూపించాడు. ఏది నాదో చెప్పమన్నాడు, చెప్పాను. సంచిలోంచి కాగితం తీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని మేజిస్ట్రేటు ముందు పరిచి, చీటీ కట్టించాడు. అంతా సాఫీగా నడుస్తోందని అతని మొహంలో సంతోషం కనిపిస్తోంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

పెద్దమ్మ వచ్చింది. కొత్తగా కుట్టించిన జాకెట్టు, కింద పొడవాటి కట్టు, తలకి గుడ్డ, మొత్తం ఒకే తానులోది. వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడటం మొదలుపెట్టి, ఆపేశారు. ముందు బల్ల మీద ఇద్దరు లేచి చోటిచ్చారు. ఆమె నా ఎదురుగా, పది అడుగుల దూరంలో కూర్చుంది. సరిగ్గా గుండె దగ్గర ఒక పీట పడేలా కుట్టించుకుంది. కుట్టేవాడికి ఎంత చెప్పి ఉంటే అంత తిన్నగా పడిందో. పీట కాలి దగ్గర తాడు చూశాను.

మూడు చుట్లు.

శుక్రవారం షట్టరు దించి ఎక్కడికి వెళ్ళిందో అప్పుడు అర్థమైంది. పెట్టె అడుగున దాచిన ముక్కని తీసి, కుట్టించుకుని, ఒంటి మీద వేసుకుని కోర్టుకి వచ్చింది. నన్ను చూసి నవ్వలేదు, తల ఊపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది.

జొకోటో ఇంకా చివరి ప్రశ్న మీదే ఉన్నాడు. స్టేషన్‌లో నాకు నేర్పిన ప్రశ్న అది. దానికి 'లేదు' అని జవాబు చెప్పాలని కూడా చెప్పాడు.

"మేడమ్, ఈ కాగితం మీ చేతి నుంచి ఇంకెవరి చేతికైనా వెళ్ళిందా?"

నేను లమిలేని చూశాను. తర్వాత పాపని చూశాను. పెద్దమ్మని చూడలేదు.

"వెళ్ళింది," అన్నాను.

జొకోటో తల ఎత్తాడు. ఆ జవాబు అతని కాగితాల్లో లేదు. మేజిస్ట్రేటు రాయడం ఆపి, కళ్ళద్దాలు సర్దుకుని, నా వైపు వంగి తనే అడిగింది.

"ఎవరి చేతికి?"

నోరు తెరిచాను. పేరు నాలుక దాకా వచ్చి ఆగింది. ముందు బల్ల కిర్రుమంది. పెద్దమ్మ పక్కావిడ భుజం ఆసరా చేసుకుని, మోకాళ్ళ నొప్పికి పెదవి బిగించి, నెమ్మదిగా లేచి నిలబడింది. ఆమె కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. కూర్చోమని కోర్టు జవాను అన్నాడు. మేజిస్ట్రేటు కూడా అంది. సాక్షి మాత్రమే మాట్లాడాలి, మీరు కూర్చోండమ్మా అని.

ఆమె కూర్చోలేదు.